బాండ్ రాసి చదివే చదువు మంచిదే, ఆ ఉద్యోగం ఇష్టమైతే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరు కేఆర్ పురంలో చాలా ఏళ్లుగా ఉంటున్నారు. అమ్మాయి రెండో పీయూసీ (ఇంటర్ రెండో సంవత్సరం) సైన్సు, నీట్‌కి చదువుతోంది. ప్రైవేటు కాలేజీ ఫీజులు కట్టే స్తోమత లేదు. మిలిటరీ నర్సింగ్, ఏఎఫ్‌ఎంసీ (పుణేలోని సైనిక వైద్య కళాశాల) లాంటి చోట్ల ప్రభుత్వమే చదివించి, తర్వాత కొన్నేళ్లు సర్వీసు చేయించుకుంటుందని విన్నారు. అలా సర్వీసు చేస్తామని బాండ్ రాసి చేర్చడమా, బ్యాంకు లోను తీసుకోవడమా అన్నది మొదటి ప్రశ్న. మధ్యలో మానేయాల్సి వస్తే ఏమవుతుందన్నది రెండోది. సర్కారు ఉద్యోగం చేస్తే లోను మాఫీ అవుతుందని డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు చెప్పిన పద్ధతి ఇక్కడ ఉందా అన్నది మూడోది. "అది వెట్టిచాకిరీ బావా" అని మీ బావమరిది అన్న మాట కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. చదువు ఉచితం కాకపోయినా ఆ ఉద్యోగం చేయడానికి మీ అమ్మాయి ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటే నిశ్చింతగా బాండ్ రాయండి. కేవలం ఫీజు తప్పుతుందని అయితే రాయకండి, లోను తీసుకోండి. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలి, చాలా సందర్భాల్లో ఆ డబ్బు సంతకం పెట్టిన తల్లిదండ్రుల మెడకే చుట్టుకుంటుంది. అమెరికా తరహా మాఫీ మన దగ్గర లేదు. వెట్టిచాకిరీ అన్న మాట మాత్రం తప్పు, దాని సంగతి కింద చెబుతాను.

నేను ఇక్కడే ఒక ప్రభుత్వ రంగ సంస్థలో పర్సనల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ట్రైనీల బాండ్లు, స్టడీ లీవు బాండ్లు, కంపెనీ ఖర్చుతో ఎం.టెక్‌కి వెళ్లే ఇంజనీర్ల కాగితాలు నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. మధ్యలో వెళ్లిపోయిన వాళ్లకి వసూలు నోటీసులు తయారు చేసిందీ మా సెక్షనే. మిలిటరీ నర్సింగ్ సంగతి సహోద్యోగుల పిల్లల్ని దగ్గరగా చూసి తెలుసుకున్నాను.

మొదట ఒక గందరగోళం తీర్చాలి. బాండ్ అనగానే జనం నాలుగైదు రకాల్ని ఒకే గాటన కట్టేస్తారు. ప్రభుత్వం పూర్తిగా ఖర్చు పెట్టుకుని చదివించి, తర్వాత తన దగ్గరే ఉద్యోగం ఇచ్చేది ఒకటి. ఏఎఫ్‌ఎంసీ, మిలిటరీ నర్సింగ్, ఎన్‌డీఏ (సైనికాధికారుల శిక్షణ అకాడమీ) ఈ కోవలోవి. ఫీజు మీరే కట్టి, ప్రభుత్వ కోటా సీటు తీసుకున్నందుకు చివర్లో కొంతకాలం పల్లెల్లో పనిచేయాల్సింది ఇంకొకటి. ఉద్యోగంలో ఉండగా సెలవు మీదో కంపెనీ ఖర్చుతోనో చదువుకుని తిరిగొచ్చి పనిచేయడం మరొకటి. ఇవి కాక ప్రైవేటు ఆసుపత్రులు, ప్రైవేటు కంపెనీలు రాయించుకునేవి ఉన్నాయి. మీరు అడిగింది మొదటి రకం గురించి. మీ బావమరిది విన్న భయంకరమైన కథలు బహుశా చివరి రకానివి అయ్యుంటాయి.

మిలిటరీ నర్సింగ్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ పరిస్థితికి అదే దగ్గరగా ఉంది. సైన్యం నడిపే నర్సింగ్ కాలేజీలు ఆరున్నాయి: పుణే, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, లక్నో, బెంగళూరు. మన ఊళ్లోది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కమాండ్ హాస్పిటల్ ఎయిర్‌ఫోర్స్‌లో ఉంది. ఆరింటిలో కలిపి 220 సీట్లు, అందులో బెంగళూరువి 40. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, పెళ్లికాని అమ్మాయిలకి మాత్రమే. నీట్ మార్కుల మీద షార్ట్‌లిస్ట్ చేస్తారు. ఆ తర్వాత జనరల్ ఇంటెలిజెన్స్, ఇంగ్లీషు మీద కంప్యూటర్ పరీక్ష, మానసిక పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ ఉంటాయి. బెంగళూరులో ఉంటున్నాం కాబట్టి బెంగళూరు కాలేజీయే వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు.

చేరాక ట్యూషన్, వసతి, భోజనం ప్రభుత్వానివే. కొద్దిపాటి స్టైపెండ్ కూడా ఉంటుంది. కోర్సు పూర్తయ్యాక మిలిటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంట్‌గా చేరతారు. ఏడో వేతన సంఘం లెక్కలో మూల వేతనం 56,100 రూపాయల దగ్గర మొదలవుతుంది, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 10,800, ఆపైన డీఏ (కరువు భత్యం). అదే బీఎస్సీ నర్సింగ్ చదివి ఈ ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన అమ్మాయి మొదటి జీతం ఎంతో మీ వీధిలో ఏ నర్సునైనా అడిగి చూడండి. ఆ తర్వాత వెట్టిచాకిరీ అన్న మాట మీ బావమరిది నోట రాదు. అసలు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రైల్వేవాళ్లు 1927 నుంచి జమాల్‌పూర్‌లో కుర్రాళ్లని స్టైపెండ్ ఇచ్చి చదివించి మెకానికల్ ఇంజనీర్లుగా తీసుకునేవారు. ఆ స్పెషల్ క్లాస్ అప్రెంటిస్ పరీక్ష కొన్నేళ్ల కిందట ఆగిపోయింది. అందులో సీటొస్తే ఊరంతా చెప్పుకునేవాళ్లు.

అయితే జీతం బాగుందని ఉద్యోగం నచ్చాలని ఏమీ లేదు. మా ఆఫీసులో అకౌంట్స్‌లో పనిచేసే ఒకాయన కూతురు ఇందులో చేరింది. చిత్తూరు దగ్గర పల్లె వాళ్లు. అమ్మాయికి నర్సింగ్ అంటే చిన్నప్పటి నుంచి ఇష్టం, వాళ్ల అమ్మమ్మ మంచాన పడితే పుండ్లు పడకుండా చూసుకున్నది ఈ పిల్లే. చేరిన మొదటి సంవత్సరం ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చేదట. తెల్లారేసరికి యూనిఫాం ఇస్త్రీ మడత చెదరకుండా వరసలో నిలబడాలి, ఆ తర్వాత క్లాసులు, వార్డు, రాత్రి రికార్డులు. సెలవులు బయటి కాలేజీల మాదిరి ఉండవు. సీనియర్ ఎదురైతే చెయ్యెత్తి విష్ చేయడం దగ్గర్నుంచి నేర్చుకోవాలి. రెండో ఏడాదికి అలవాటు పడింది. ఇప్పుడు కెప్టెన్. అస్సాంలోని తేజ్‌పూర్‌కి పోస్టింగ్ వచ్చినప్పుడు తల్లికి నెలరోజులు టెన్షన్, ఆ పిల్లకి మాత్రం ఏమీ లేదు.

ఇంకో ఇంట్లో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. ఆ అమ్మాయికి జర్మనీ వెళ్లాలని కోరిక. అక్కడ నర్సులకి డిమాండు ఉంది, భాష నేర్చుకుంటే వెళ్లొచ్చు అని ఎవరో చెప్పారు. తండ్రి ఫీజు కలిసొస్తుందని మిలిటరీ నర్సింగ్‌లో చేర్చాడు. కట్నం అడగలేదన్న ఒక్క కారణానికి సంబంధం ఖాయం చేసుకున్నట్టయింది అది. తోటివాళ్లు దుబాయ్ నుంచి, యూకే నుంచి ఫోటోలు పెడుతుంటే ఈ పిల్ల సర్వీసు ఎప్పుడు అవుతుందా అని క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంది. విదేశాలకి పోవాలన్న కోరిక మీ అమ్మాయికి గట్టిగా ఉంటే బాండ్ జోలికి పోవద్దు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో చేతిలో స్వేచ్ఛ ఉండటం విలువైన విషయం, అలాంటి పిల్లలకి నెలనెలా ఈఎంఐ కట్టడమే తేలిక.

పెళ్లి గురించి మీరు అడగలేదు గానీ మీ ఆవిడ తప్పకుండా అడుగుతారు. చదువుకునే నాలుగేళ్లూ పెళ్లి కుదరదు. చదువయ్యాక పెళ్లి చేసుకుంటే ఉద్యోగంలోంచి తీసేస్తారన్న మాట ఇంకా ప్రచారంలో ఉంది. ఒకప్పుడు అలాంటి నిబంధన నిజంగానే ఉండేది. సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో లెఫ్టినెంట్‌గా ఉన్న ఒక నర్సుని పెళ్లి కారణంగా 1988లో తొలగించారు. ఆ నిబంధనని 1995లో ఎత్తేశారు. ఆవిడ మాత్రం కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది. చివరికి 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని చెప్పి 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. కాబట్టి ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు. బదిలీలు మాత్రం ఉంటాయి. పెళ్లికొడుకుని వెతికేటప్పుడు ఆ మాట ముందే చెప్పుకోవాలి.

ఏఎఫ్‌ఎంసీ సంగతి తొందరగా చెప్పేస్తాను. పుణేలో ఉంది, ఎంబీబీఎస్. మన దేశం పిల్లలకి ఏటా 145 సీట్లు ఇస్తారు, అందులో అమ్మాయిలవి 30. దేశం మొత్తం మీద 30 అంటే పోటీ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. నీట్‌లో చాలా మంచి ర్యాంకు రావాలి, ఆపైన వాళ్ల ఇంగ్లీషు, రీజనింగ్ పరీక్ష, ఇంటర్వ్యూ. అంత ర్యాంకు వచ్చిన పిల్లకి కర్ణాటకలోనే ప్రభుత్వ కాలేజీ సీటు వచ్చే అవకాశం ఉంటుంది. చదువయ్యాక కమిషన్, అంటే సైన్యంలో అధికారి హోదా, తీసుకోవాలి. షార్ట్ సర్వీస్ కమిషన్ అయితే ఏడేళ్లు, పర్మనెంట్ కమిషన్ అయితే ఇంకా చాలా ఎక్కువ కాలం సైన్యంలో డాక్టరుగా చేయాలి. కమిషన్ తీసుకోనంటే కట్టాల్సిన బాండు సొమ్ము మనలాంటి వాళ్లు ఇల్లు అమ్మితే గానీ తేలనంత ఉంటుంది.

ఇక మీరు గమనించని విషయం ఒకటి. ప్రభుత్వ కాలేజీలో సీటొస్తే బాండ్ గొడవ ఉండదనుకోకండి. కర్ణాటకలో వైద్య విద్య పూర్తిచేసిన వాళ్లు ఒక సంవత్సరం నిర్బంధంగా గ్రామీణ సేవ చేయాలని 2012లో చట్టం చేశారు. పోస్టులు చాలక 2023లో దాన్ని కొంత సడలించారు. అంటే మీరు ఫీజు కట్టి కూడా సర్వీసు చేయాల్సి రావచ్చు. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ లాంటి రాష్ట్రాలు పీజీ, సూపర్ స్పెషాలిటీ సీట్లకి పెట్టిన బాండ్ల మీద డాక్టర్లు సుప్రీంకోర్టుకి వెళ్తే, ప్రభుత్వ డబ్బుతో చదివిస్తున్నప్పుడు ఆ షరతు పెట్టడం తప్పు కాదని 2019 ఆగస్టులో కోర్టు తేల్చింది. నా వ్యక్తిగత అభిప్రాయం అడిగితే ఒక సంవత్సరం పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పనిచేయడం ఏ కొత్త డాక్టరుకైనా మంచిదే. కాకపోతే అక్కడ ఉండటానికి క్వార్టర్సు, వేళకి జీతం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, అది అన్ని చోట్లా సరిగ్గా జరగదు.

అన్నట్టు, మీ అమ్మాయి ఒకటి నుంచి పన్నెండు తరగతుల మధ్యలో కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి, పదో తరగతో పీయూసీయో ఇక్కడ పాసయితే కేఈఏ (కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ) కౌన్సెలింగ్‌లో ప్రభుత్వ కోటాకి అర్హత ఉంటుంది. మాతృభాష తెలుగు కదా అని వెనకాడే తల్లిదండ్రులు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. అడిగేది చదివిన చోటు. స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి, కౌన్సెలింగ్ వేళకి హెడ్మాస్టర్లు దొరకరు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, మధ్యలో మానేస్తే ఏంటని.

మామూలు సివిల్ ఉద్యోగాల బాండుకి, సైన్యం బాండుకి పెద్ద తేడా ఉంది. మామూలు బాండు ఉల్లంఘిస్తే ఏ కోర్టూ మిమ్మల్ని బలవంతంగా తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి పని చేయించదు. మన చట్టం ప్రకారం వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని అలా అమలు చేయించలేరు. డబ్బు మాత్రం వసూలు చేస్తారు. ఎంత? కాగితం మీద రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి, దానికి లోబడి న్యాయమైన పరిహారం అని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. "ఈ బాండ్లు కోర్టులో నిలబడవు, సంతకం పెట్టేయ్" అని ధైర్యం చెప్పే స్నేహితులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్ల మాట నమ్మి ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను. బెంగళూరు కేంద్రంగా నడిచిన విజయా బ్యాంకులో ఒక అధికారి మూడేళ్లు పూర్తికాకుండా వేరే బ్యాంకుకి వెళ్లిపోతూ రెండు లక్షలు కట్టాడు, తర్వాత ఆ షరతు చెల్లదని కోర్టుకెక్కాడు. కర్ణాటక హైకోర్టులో గెలిచాడు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని తిప్పేసి, ప్రభుత్వ రంగ బ్యాంకు అలాంటి షరతు పెట్టడం సబబే అంది. ఇకమీదట నిలబడదన్న వాదనకి బలం ఇంకా తగ్గింది.

సైన్యంలో వ్యవహారం వేరు. చదువుకునే దశలో సొంతంగా మానేస్తే ప్రభుత్వం పెట్టిన ఖర్చు కట్టించుకుంటారు. ఒకసారి కమిషన్ తీసుకుని అధికారి అయ్యాక డబ్బు పారేసి బయటికి రావడం అన్నది లేదు. రాజీనామా పెట్టాలి, దాన్ని వాళ్లు ఆమోదించాలి. అప్పటిదాకా డ్యూటీలో ఉండాల్సిందే. అందుకే మానే ఆలోచన ఏదైనా ఉంటే మొదటి సంవత్సరంలోనే తేల్చుకోవడం మేలు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, సంతకం ఎవరిదన్నది. పన్నెండో తరగతి అయ్యాక చేరే పిల్లల్లో చాలామందికి పద్దెనిమిదేళ్లు నిండవు. మైనరు రాసిన ఒప్పందం చెల్లదు కాబట్టి తండ్రో తల్లో రాసివ్వాలి. దానికి తోడు ష్యూరిటీలు, అంటే జామీనుదారులు. మా సంస్థ బాండు పత్రం నాలుగు పేజీలు ఉండేది. మొదటి పేజీలో కోర్సు పేరు, కాలం, మొత్తం. అందరూ అంతవరకే చదివేవారు. మూడో పేజీ అడుగున ష్యూరిటీల పేర్లు, ఉద్యోగం, చిరునామా రాసే గళ్లు. వాటి పైన సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం: ఉద్యోగీ, ష్యూరిటీలూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు అని. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెప్పేదీ ఇంచుమించు అదే, అప్పు తీసుకున్న వాడికి ఎంత బాధ్యత ఉందో జామీను ఉన్నవాడికీ అంతే. అంటే ముందు ఉద్యోగిని అడిగి, దొరక్కపోతే జామీనుదారుని అడగాలన్న నియమం లేదు. నోటీసు నేరుగా ఆయనకే పంపొచ్చు.

ఒక ఇంజనీరు కంపెనీ ఖర్చుతో ఎం.టెక్ చేసి, బాండు గడువు మిగిలుండగానే విదేశానికి వెళ్లిపోయాడు. ఉత్తరాలకి జవాబు లేదు. ష్యూరిటీ సంతకం వాళ్ల మేనమామది, ఆయన హొసూరు దగ్గర స్కూలు టీచరు. నోటీసు అందుకుని, కవరు మడతపెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని మా ఆఫీసుకి వచ్చారు. "ఇంట్లో మా ఆవిడకి తెలీదండీ, సాక్షి సంతకం అనుకుని పెట్టాను" అన్నారు. ఆ కవరు బయటికి తీసినప్పుడు చెమటకి అంచులు తడిసి ఉన్నాయి. మా చేతుల్లో చేయగలిగింది వాయిదాలు ఇవ్వడమే, అదే చేశాం. కొన్నాళ్లకి మేనల్లుడు డబ్బు పంపాడని విన్నాను, ఆ రెండు కుటుంబాలకీ మాటల్లేవని కూడా విన్నాను. మీ అమ్మాయి బాండుకి బంధువుల చేత సంతకం పెట్టించేటట్టయితే, అది సాక్షి సంతకం కాదనీ ఎంత మొత్తానికి బాధ్యత అనీ వాళ్ల భార్యాపిల్లల ముందు చెప్పి పెట్టించండి.

సంతకానికి ముందు ఒప్పందం నమూనా తెప్పించుకుని కొన్ని ప్రశ్నలకి అందులో జవాబు వెతకండి. కొంత సర్వీసు చేశాక మానేస్తే మొత్తం కట్టాలా, చేసిన కాలాన్ని తీసేసి లెక్కిస్తారా? వడ్డీ ఉందా, ఎంత, ఏ తేదీ నుంచి? ఆరోగ్యం పాడై వాళ్లే పంపించేస్తే కట్టాలా? పరీక్ష తప్పి తీసేస్తే? జీతం లేని సెలవు పెట్టిన కాలం సర్వీసులో కలుస్తుందా? చాలాచోట్ల కలవదు, మూడేళ్ల బాండు నాలుగేళ్లకి సాగడం అలాగే జరుగుతుంది. వాళ్లు ఉద్యోగం ఇవ్వలేకపోతే లేదా పోస్టింగ్ ఆలస్యం చేస్తే అమ్మాయికి విడుదల ఎప్పుడు? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. ఒప్పందం ఒకవైపే బిగించి రెండోవైపు వదులుగా ఉంటే పిల్లలు ఇటూ అటూ కాకుండా నిలబడిపోతారు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల గురించి ఒక మాట. పరిశీలనకి తీసుకుని తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే విద్యాసంస్థలకి స్పష్టంగా చెప్పింది. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు నర్సుల్ని చేర్చుకునేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టేసుకుంటాయి. నాకు తెలిసిన ఒక అమ్మాయి వాటిని విడిపించుకోవడానికి రెండు నెలల జీతం వదులుకుంది. అది ప్రభుత్వ సేవకి చదువు ఇచ్చే ఏర్పాటు కానే కాదు, అక్కడ వాళ్లు మీకు చదువు చెప్పింది కూడా ఏమీ ఉండదు. అలాంటి కాగితం చూస్తే లేచి వచ్చేయండి.

ఉద్యోగంలో ఉండి పైచదువు చదవాలనుకునేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్ల కోసం నాలుగు ముక్కలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఐదేళ్ల సర్వీసు నిండాక స్టడీ లీవు అడిగే వీలుంది, మొత్తం సర్వీసులో మామూలుగా 24 నెలలు. తిరిగొచ్చాక మూడేళ్లు పనిచేస్తానని బాండ్ రాయాలి. ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) లాంటి చోట్ల సంస్థ స్పాన్సర్ చేసి పంపే సీట్లు ఉన్నాయి, బెంగళూరులోని ప్రభుత్వ రంగ ఇంజనీర్లు చాలామంది ఆ దారిలోనే ఎం.టెక్ చేశారు. నేను చూసిన వాటిలో అన్నిటికంటే లాభసాటి బేరం ఇదే. ఉద్యోగం నచ్చిందో లేదో తెలిశాకే బాండ్ రాస్తారు, జీతం వస్తూనే ఉంటుంది. డాక్టర్లకి కూడా ఇలాంటి దారి ఉంది. పీహెచ్‌సీలో చేరి కొన్నేళ్లు పనిచేసి ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి వెళ్లడం. ఆ కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకి ఉందని, తమిళనాడు వైద్యాధికారుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది.

బాండు మధ్యలో ఇంకో ప్రభుత్వ ఉద్యోగం వస్తే? ఇక్కడే చాలామంది అనవసరంగా నష్టపోతారు. ఒక ప్రభుత్వ సంస్థ నుంచి ఇంకో ప్రభుత్వ సంస్థకి అనుమతి తీసుకుని, ప్రాపర్ ఛానల్‌లో, అంటే పై అధికారుల ద్వారా, దరఖాస్తు పెట్టి వెళ్తే బాండు డబ్బు వసూలు చేయకుండా, మిగిలిన కాలానికి కొత్త చోట బాండు రాయించుకోవచ్చని ప్రభుత్వ రంగ సంస్థలకి ఎప్పటి నుంచో మార్గదర్శకాలు ఉన్నాయి. మా దగ్గర ఇద్దరు ఇంజనీర్లు ఒకే పరీక్ష రాసి ఒకే శాఖకి ఎంపికయ్యారు. ఒకాయన దరఖాస్తు రోజే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అడిగాడు, రూపాయి కట్టకుండా వెళ్లాడు. రెండో ఆయన పైవాళ్లకి తెలిస్తే ప్రమోషన్ ఆపుతారేమోనని గుట్టుగా రాశాడు. ఎంపికయ్యాక వచ్చి అడిగితే ఫైలులో చూపించడానికి కాగితం లేదు, పూర్తి మొత్తం కట్టి వెళ్లాడు. కట్టేవాళ్లకి ఒక చిన్న ఊరట కూడా ఉంది. ఇలా కట్టిన బాండు సొమ్ము మీద జీఎస్టీ పడదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. అంతకుముందు కొన్నిచోట్ల 18 శాతం కలిపి అడిగేవాళ్లు.

లోను వైపు చూద్దాం. ఏడున్నర లక్షల వరకు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడగకుండా ప్రభుత్వ గ్యారంటీ పథకం ఉంది. కోర్సు కాలం, ఆపైన ఒక సంవత్సరం వరకు వాయిదాలు మొదలు కావు. మొత్తం ఏడున్నర లక్షలూ తీసుకుని, 10 శాతం వడ్డీతో పదేళ్లలో తీరుద్దామంటే నెలకి దాదాపు 9,900 రూపాయలు వస్తుంది. చదువుకునే కాలంలో వడ్డీ మీరు కట్టకపోతే అది అసలుకి చేరి ఈఎంఐ ఇంకా పెరుగుతుంది, కాబట్టి నెలనెలా వడ్డీ ఒక్కటైనా కడుతూ ఉండండి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే ఆ కాలం వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది, గుర్తింపు ఉన్న సంస్థల్లో వృత్తి కోర్సులకి. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో ఎనిమిది లక్షల లోపు ఆదాయం వాళ్లకి 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు, అది ఎంపిక చేసిన మంచి ర్యాంకు సంస్థలకే వర్తిస్తుంది. కాలేజీ ఎంచుకునే ముందే అది ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. ఏజెంట్లు ఈ మాట చెప్పరు. వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఎనిమిదేళ్లు వస్తుంది, పాత పన్ను విధానంలో ఉంటేనే.

మీ తమ్ముడు చెప్పింది నిజమే, అమెరికా వరకు. 2007లో వాళ్లు చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో పూర్తికాలం పనిచేస్తూ 120 వాయిదాలు, అంటే పదేళ్ల పాటు సక్రమంగా కడితే మిగిలిన విద్యారుణం రద్దు చేస్తారు. అది అక్కడి ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే రుణాలకే. స్టూడెంటు వీసా మీద వెళ్లే మన పిల్లలకి ఆ రుణాలే ఇవ్వరు. ఇక్కడి బ్యాంకులో లోను తీసుకుని అక్కడ సర్కారు ఉద్యోగం చేసినా పైసా మాఫీ కాదు. మన దేశంలో సర్వీసు చేసినందుకు బ్యాంకు లోను కొట్టేసే పథకం ఏదో ఉందని ఎవరైనా ఫీజు అడిగితే మోసమని గుర్తించండి.

నేనైతే మీ చోట ఉండి చేసేది ఇది. ముందు అమ్మాయిని కూర్చోబెట్టి ఫీజు ఊసెత్తకుండా అడుగుతాను: యూనిఫాం, బదిలీలు, రాత్రి డ్యూటీలు, అస్సాంలోనో రాజస్థాన్‌లోనో ఒంటరిగా ఉండటం, ఇవన్నీ నీకు సరేనా అని. వీలైతే మిలిటరీ నర్సింగ్‌లో పనిచేసిన వాళ్లతో మీరు లేకుండా ఒక అరగంట మాట్లాడించండి. మీ ముందు పిల్లలు "సరే నాన్నా" అనే అంటారు. ఇష్టం ఉందంటే నీట్ ఫలితాలు రాగానే ఆర్మీ నియామకాల వెబ్‌సైట్‌లో నర్సింగ్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. కేఈఏ దరఖాస్తు దానితో పాటే వేయండి, ఒకటి వేస్తే ఇంకోటి పోదు. కళ్లు, బరువు, పళ్లు ఇప్పుడే ఒకసారి డాక్టరుకి చూపించండి. మెడికల్‌లో ఆగిపోయే పిల్లల్లో కొందరిది ముందే సరిచేసుకోగలిగిన సమస్యే. నిర్ణయం ఎటు తీసుకున్నా బ్యాంకులో లోను గురించి మాట్లాడి ఉంచండి, సైన్యంవాళ్ల జాబితా చివరిదాకా తేలదు.

ఒప్పందం నమూనా చేతికొచ్చాక పేర్లు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, ఏ షరతు ఎటు తిరుగుతుందో చదివి చెబుతాను. ష్యూరిటీలుగా ఎవరిని అడగాలనుకుంటున్నారో కూడా రాయండి.